జలదంకి లోతు ఎంత?

ఆర్థికశాస్త్రంలో 'లోతు' అని ఒక కొలత ఉంది. చెరువు లోతు, బావి లోతు లాగానే బ్యాంకుల లోతు. ఒక దేశంలో బ్యాంకులూ ఇతర ఆర్థిక సంస్థలూ జనం బతుకుల్లోకి ఎంతవరకు ఇంకాయో చెప్పడానికి పెట్టుకున్న లెక్క. సూత్రం చాలా తేలిక. ప్రైవేటు వ్యక్తులకీ, కంపెనీలకీ బ్యాంకులిచ్చిన అప్పు మొత్తాన్ని దేశపు జీడీపీతో భాగించి నూటితో హెచ్చవేయడమే. వచ్చిన అంకె పెద్దదైతే లోతెక్కువ, చిన్నదైతే తక్కువ. మనం రాసే ప్రోగ్రాముల్లో ఇది ఒక్క లైను.

ఈ లైను వెనక చరిత్ర మాత్రం పెద్దదే. 1969లో రేమండ్ గోల్డ్‌స్మిత్ అనే ఆయన 35 దేశాల వందేళ్ళ లెక్కలు ముందేసుకుని, దేశం ఎదిగేకొద్దీ ఆర్థిక సంస్థల పరిమాణం కూడా పెరుగుతుందని చూపించాడు. 1973లో ఎడ్వర్డ్ షా, రొనాల్డ్ మెకినన్ వేర్వేరు పుస్తకాల్లో 'ఆర్థిక లోతు పెరగడం' అన్న మాటని స్థిరపరిచారు. 1993లో కింగ్, లెవిన్ అనే ఇద్దరు 80 దేశాల 30 ఏళ్ళ సమాచారం తీసుకుని, మొదట్లో లోతు ఎక్కువున్న దేశాలే తర్వాత వేగంగా పెరిగాయని తేల్చారు. ఆ తర్వాత ప్రపంచబ్యాంకు వాళ్ళు లోతు, అందుబాటు, సామర్థ్యం, స్థిరత్వం అని నాలుగు గళ్ళు గీసి ప్రతి దేశానికీ అంకెలు నింపుతూ వస్తున్నారు. నాలుగు గళ్ళున్నా అందరూ చూసేది మొదటి గడినే. ఆ అంకె దొరకడం తేలిక కదా మరి!

నేనూ అదే చూశాను. మన దేశానికి ఆ అంకె 50 అటూ ఇటూ. చైనాకి 180 పైన. అంతవరకూ ఆశ్చర్యం లేదు. పక్కనున్న నేపాల్‌ది చూశాక కుర్చీలో కొంచెం ముందుకి జరిగాను. 80 పైన! తలసరి ఆదాయంలో మనకన్నా వెనకున్న దేశం, లోతులో మనకన్నా ఎంతో ముందుంది. నేను పనిచేసేది మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ మీద. సర్వర్ల ఆరోగ్యం కొలిచి డ్యాష్‌బోర్డులో చూపించడం మా ఉద్యోగం. డ్యాష్‌బోర్డులో వింత అంకె కనిపిస్తే మాకు వచ్చే మొదటి అనుమానం సర్వరు మీద కాదు, కొలిచే పద్ధతి మీద. అందుకని ఈ సూత్రాన్ని నాకు బాగా తెలిసిన ఒక చిన్న 'దేశం' మీద నడిపి చూద్దామనుకున్నాను. ఆ దేశం పేరు జలదంకి.

తెలియని వాళ్ళకోసం: జలదంకి నెల్లూరు జిల్లాలో కావలి పక్కన ఒక మండలం. అసెంబ్లీ లెక్కలో ఉదయగిరి నియోజకవర్గం. జిల్లా అనగానే అందరికీ గుర్తొచ్చే పెన్నా డెల్టా, మొలగొలుకులు, చేపల పులుసు... అవన్నీ దక్షిణాన. మాది మెట్ట. చెరువు నిండితే వరి, నిండకపోతే దేవుడి దయ. బ్రాహ్మణక్రాక, చామదల, జమ్మలపాళెం – ఇలాంటి ఊళ్ళు. పైకి పోతే కలిగిరిలో పొగాకు బోర్డు వేలం కేంద్రం, కిందికి దిగితే కావలిలో రైలు స్టేషను. ఒక చిన్న వర్ధమాన దేశానికి ఏమేం ఉంటాయో అన్నీ ఉన్నాయి. ఎగుమతులు: ధాన్యం, పొగాకు, ఇంజనీర్లు. దిగుమతులు: ఎరువులు, సెల్‌ఫోన్లు, బయటున్న పిల్లలు పంపే డబ్బు. రేవు పట్టణం కావలి అనుకోండి :)

చిక్కు మొదటి అడుగులోనే వచ్చింది. మండలానికి జీడీపీ అంకె నాకు దొరకలేదు. జిల్లా వరకూ స్థూల ఉత్పత్తి అంచనాలు దొరికాయిగానీ ఆ కింద నాకు కనబడలేదు. అంటే మన భాగహారంలో హారమే లేదు. పోనీ లవం సంగతి చూద్దామంటే, దానికి రిజర్వు బ్యాంకు వాడే ఇంకో కొలత ఉంది: అప్పు-డిపాజిట్ నిష్పత్తి, వాళ్ళ భాషలో సీడీ రేషియో. ఒక ప్రాంతంలో బ్యాంకులు సేకరించిన ప్రతి నూరు రూపాయల డిపాజిట్‌కీ అక్కడే ఎన్ని రూపాయలు అప్పుగా ఇచ్చాయి అని. పల్లె, చిన్న పట్టణాల శాఖల్లో ఇది 60 ఉండాలని చాలాకాలంగా బ్యాంకులకి చెబుతున్నారు. 40కన్నా తగ్గిన జిల్లాలో ప్రత్యేక ఉపసంఘం వేసి కారణం వెతకమన్నారు.

మన రాష్ట్రంలో అది ఎంతో తెలుసా? నూటికి పైన! ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు – ఈ మూడూ సేకరించిన దానికన్నా ఎక్కువ అప్పులిచ్చిన రాష్ట్రాలుగా ఏళ్ళ తరబడి పైవరుసలో ఉన్నాయి. మా జిల్లాకి బ్యాంకులు కొత్తగా వచ్చినవీ కావు. 1969 చివర్లో లీడ్ బ్యాంకు పథకం వచ్చాక నెల్లూరు జిల్లా సిండికేట్ బ్యాంకు వంతుకొచ్చింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న కెనరా బ్యాంకులో కలిసిపోయింది. దాని ఆధ్వర్యంలోనే నెల్లూరులో పినాకిని గ్రామీణ బ్యాంకు పుట్టింది. అది 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో, ఆ ప్రగతి 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. బోర్డులు మారాయిగానీ శాఖలూ, మనుషులూ ఊళ్ళల్లోనే ఉన్నారు. కాబట్టి పుస్తకం ప్రకారం మాది లోతైన దేశమే.

ఇక్కడ ఆగి ఒక చిన్న సాంకేతిక విషయం చెప్పాలి. రిజర్వు బ్యాంకు అప్పుల్ని రెండు రకాలుగా లెక్కిస్తుంది. ఎక్కడ మంజూరైందో అది ఒక పట్టిక, ఎక్కడ వాడారో అది ఇంకో పట్టిక. ముంబైలో మంజూరై కృష్ణపట్నంలో ఖర్చయ్యే అప్పులుంటాయి కాబట్టి ఈ రెండో పట్టిక అవసరమైంది. మంచి ఆలోచన. కానీ మూడో పట్టిక ఒకటి ఉండాలి: అప్పు ఎవరి పేరున ఉంది, పని ఎవరు చేస్తున్నారు అన్నది. అది లేదు. మా ఊళ్ళో అసలు కథంతా ఆ లేని పట్టికలోనే ఉంది.

మా పొలం నాలుగెకరాలు ఒకాయన కౌలుకి చేస్తాడు. వరసకి నాకు మామ. సొంతంగా ఎకరన్నర ఉంది. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆయన్ని కూర్చోబెట్టి అప్పులన్నీ ఒక కాగితం మీద రాయించుకున్నాను. "ఏంది అల్లుడా, నువ్వు గూడా ఐపీ పెట్టిస్తావా ఏంది నాతో?" అని నవ్వాడుగానీ అన్నీ చెప్పాడు. ఆ కాగితం ఇదీ:

బ్యాంకులో అత్త నగల మీద 90 వేలు.
అత్త పొదుపు గ్రూపులో 50 వేలు.
ఊళ్ళో ఒకాయన దగ్గర నోటు మీద లక్ష, నూటికి రెండు.
ఎరువుల కొట్టులో రాత అప్పు 45 వేలు, పంట రాగానే ఇవ్వాలి.
లక్ష రూపాయల చీటీ, నెలకి 5 వేలు. ఎనిమిదో నెలలోనే పాడుకుని కూతురి ఇంజనీరింగ్ ఫీజు కట్టేశాడు. ఇంకా 12 నెలలు కట్టాలి, అంటే 60 వేలు.

మొత్తం 3 లక్షల 45 వేలు. ఇందులో బ్యాంకుల లెక్కల్లో కనిపించేది మొదటి రెండే, 1 లక్షా 40 వేలు. నూటికి 40 పాళ్ళు వెలుగులో, 60 పాళ్ళు చీకట్లో. పైగా వడ్డీ భారం చూస్తే ఆ ఒక్క నోటు మీద ఏడాదికి కట్టే 24 వేలు, రెండు బ్యాంకు అప్పుల వడ్డీ కలిపినా రాదు. ఎరువుల కొట్టులో వడ్డీ అని పైకి ఏమీ ఉండదు. నగదుకైతే ఒక ధర, అప్పుకైతే ఇంకో ధర, అంతే. ఆ తేడాని వడ్డీ అని ఏ సర్వేలో అడిగినా మామ "వడ్డీ లేదు" అనే చెబుతాడు, నిజాయితీగానే.

నగరాల్లో పుట్టిపెరిగిన మిత్రులకి ఒక మాట. 'నూటికి రెండు' అంటే నెలకి, ఏడాదికి కాదు. అంటే 24 శాతం. మా టీములో ఒకబ్బాయి "రెండు శాతమేనా, హోమ్‌లోను కన్నా నయం కదా" అన్నాడు. పాపం వాడి తప్పు లేదు, ప్రమాణం తేడా. పుట్టి అంటే మా నెల్లూరులో 850 కిలోలని తెలియకుండా బస్తాల్లో బేరమాడినట్టు. సర్కారుకి ఈ సంగతి బాగా తెలుసు. 2004 తర్వాత పొదుపు గ్రూపులకి 3 శాతం వడ్డీ పథకం తెచ్చినప్పుడు దానికి 'పావలా వడ్డీ' అని పేరు పెట్టారు, ఊరి ప్రమాణంలో. అందుకే అది ఆ పూటే అందరికీ అర్థమైంది.

అప్పులిచ్చే ఆ ఊరాయన్ని విలన్ని చేసి చూపించే ఉద్దేశం నాకు లేదు. రాత్రి పదింటికి తలుపు కొట్టినా డబ్బిస్తాడు. కాగితాలడగడు, రెవెన్యూ స్టాంపు అంటించిన ఒక ప్రామిసరీ నోటు తప్ప. ఆ నోటుకి కాలదోషం మూడేళ్ళు కాబట్టి గడువు లోపల పిలిచి వెనకవైపు ఎంతోకొంత చెల్లు రాయించుకుని మళ్ళీ బతికిస్తాడు. కావలి కోర్టు మొహం చూడకుండానే 1963 నాటి కాలపరిమితి చట్టం మా ఊళ్ళో నిక్షేపంగా అమలవుతోంది. వేగం, నమ్మకం, పత్రం, గడువు. ఆర్థిక సంస్థకి ఉండాల్సిన లక్షణాలన్నీ ఉన్నాయి. ధర ఒక్కటే మనిషిని నిలబడనివ్వదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. 1951-52లో రిజర్వు బ్యాంకు అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే చేయించింది. గోర్వాలా గారి సంఘం నివేదిక 1954లో వచ్చింది. పల్లెటూరి అప్పులో వడ్డీవ్యాపారుల వాటా దాదాపు 70 శాతమనీ, సహకార సంఘాలది 3 శాతమనీ, వాణిజ్య బ్యాంకులది 1 శాతం కూడా లేదనీ తేలింది. ఆ తర్వాత జరిగినవన్నీ, స్టేట్ బ్యాంకు ఏర్పాటు, జాతీయీకరణ, గ్రామీణ బ్యాంకులు, ఆ అంకెలకి జవాబులే. నన్ను ఆకట్టుకున్నది ఆ సర్వే పద్ధతి. వాళ్ళు బ్యాంకుల దగ్గరికెళ్ళి "ఎంతిచ్చారు?" అని అడిగి ఊరుకోలేదు, ఇళ్ళకెళ్ళి "ఎవరి దగ్గర తెచ్చుకున్నారు?" అని అడిగారు. మన భాషలో చెప్పాలంటే సర్వరు లాగులు చూసి తృప్తి పడకుండా యూజరు వైపు నుంచి కొలిచారు. సర్వరు లాగుల్లో అన్నీ 200లే కనిపిస్తుంటాయి. మన దాకా రాని రిక్వెస్టు లాగులో పడదు కదా! బ్యాంకు మెట్లెక్కకుండానే వెనక్కి తిరిగిన మనిషి కూడా అంతే.

ఇళ్ళకెళ్ళి అడిగే పని ఇప్పటికీ జాతీయ నమూనా సర్వే వాళ్ళు చేస్తున్నారు. 2019 సర్వేలో దేశంలో అప్పున్న వ్యవసాయ కుటుంబాలు 50.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం. సగటు అప్పు దేశంలో 74 వేలు, మన దగ్గర 2 లక్షల 45 వేలు, దేశంలోకెల్లా ఎక్కువ. ఈ అంకె వచ్చినప్పుడు పేపర్లన్నీ 'ఋణగ్రస్త ఆంధ్ర' అని రాశాయి. అదే అప్పుని బ్యాంకు వైపు నుంచి కొలిస్తే? 'ఆర్థిక లోతులో అగ్రస్థానం'! అప్పు ఒకటే, పేర్లు రెండు. ఒకదానికి కన్నీళ్ళు, ఇంకోదానికి చప్పట్లు. ఏది నిజం అంటే రెండూ నిజమే. బ్యాంకులోంచి చూస్తే లోతు, పొలంలోంచి చూస్తే ఊబి.

లోతు ఎక్కువైనా మంచిదేనని చాలాకాలం అనుకున్నారు. సైప్రస్‌లో ఆ అంకె జీడీపీకి రెండు రెట్లు దాటిపోయాక 2013లో బ్యాంకులే మూతపడి, పెద్ద డిపాజిట్లున్నవాళ్ళ డబ్బుకి కత్తెర పడింది. ఆ రోజుల్లోనే ముగ్గురు ఆర్థికవేత్తలు, ఈ అంకె నూరు దాటాక ఎదుగుదలకి సాయం చేయడం మానేసి అడ్డం పడుతుందని లెక్కగట్టారు. నేపాల్ సంగతికొస్తే, ఆ దేశపు జీడీపీలో దాదాపు నాలుగో వంతు బయట పనిచేసేవాళ్ళు పంపే డబ్బు. ఆ డబ్బు బ్యాంకుల్లో డిపాజిట్ అవుతుంది, బ్యాంకులు దాన్ని భూముల మీదా, దిగుమతుల మీదా అప్పుగా తిప్పుతాయి. లోతు పెరుగుతుంది. 2023లో అక్కడ చిన్న అప్పులవాళ్ళు మైక్రోఫైనాన్స్ బాకీలు కట్టమని వీధుల్లోకొచ్చారు. ఎక్కడో విన్నట్టు లేదూ?

విన్నాం, మన దగ్గరే. దానికి ముందు ఒక మంచి కథ ఉంది, అది చెప్పి ఇది చెబుతాను.

1992లో మా మెట్టలోనే, దూబగుంటలో, రాత్రి బడిలో చదువుకున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. రోసమ్మ గారి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. అది జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే జిల్లాలో 'పొదుపు లక్ష్మి' మొదలైంది. రోజుకొక రూపాయి. సారాకి పోయే రూపాయిలో కొంత ఇటు మళ్ళింది. నాబార్డు కూడా సరిగ్గా 1992లోనే 500 గ్రూపులతో బ్యాంకులకి ముడిపెట్టే ప్రయోగం మొదలుపెట్టింది. మా అమ్మ కూడా ఆ తొలినాళ్ళ గ్రూపులో మెంబరే. నెలకి 30 రూపాయలు, పదిహేను మంది, ఒక ఇనపపెట్టె, ఒక పుస్తకం. ఆ పుస్తకం రాసింది నేనే, స్కూల్లో చదివే రోజుల్లో. నా మొదటి డేటాబేస్ అదే అనుకోవచ్చు :)

జీడీపీ భాగహారంలో ఆ 450 రూపాయలు ఏ దశాంశస్థానంలోనూ కనబడవు. కానీ ఆ పెట్టెలోంచి అర్ధరాత్రి ఆస్పత్రికి 300 తీసిచ్చిన రోజు నాకు గుర్తుంది. వాళ్ళింట్లో చెంబో బిందో కుదువకి పోకుండా ఆగింది. ఆ గ్రూపు ప్రతివారం కూర్చునేది, అందరిముందూ లెక్క చదివేవాళ్ళు, ఎవరికి ముందివ్వాలో కొట్లాడి మరీ తేల్చేవాళ్ళు. ఒక సంస్థ అంటే ఇదీ అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. దీని లోతుని రూపాయల్లో కొలిస్తే దొరకదు.

2000లో సెర్ప్, వెలుగు వచ్చాయి. గ్రూపులకి బ్యాంకు అప్పులు వేల నుంచి లక్షలకి పెరిగాయి. ఆ గ్రూపులు వేసిన బాటలోనే మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చాయి. ఐదుగురిని కూర్చోబెట్టి ఒకరికొకర్ని జామీను చేసి వారంవారం వసూలు. ఆడవాళ్ళు బాకీ ఎగ్గొట్టరన్న నమ్మకాన్ని పొదుపు గ్రూపులు పదేళ్ళు కష్టపడి తయారుచేస్తే, దాన్ని పెట్టుబడిగా వాడుకున్నది వీళ్ళు. 2010 ఆగస్టులో ఎస్‌కెఎస్ మైక్రోఫైనాన్స్ షేరు మార్కెట్లోకొచ్చింది, 985 రూపాయలకి షేరు. మన ఐటీ మిత్రులు చాలామంది అప్లై చేసిన ఇష్యూనే అది. రెండు నెలలు తిరక్కుండా, అక్టోబరులో, ఆత్మహత్యల వార్తల మధ్య రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారపు వసూళ్ళు ఆగాయి, ఆ తర్వాత బాకీలు కట్టడమే ఆగిపోయింది. ఒకే ఇంట్లో నాలుగైదు కంపెనీల అప్పులు, ఒకటి తీర్చడానికి ఇంకోటి. కంపెనీల పుస్తకాల్లో మాత్రం ఆ ముందురోజు దాకా వసూళ్ళు నూటికి 98, 99! గ్రీన్ డ్యాష్‌బోర్డు మీద కూలిపోయిన సిస్టం.

గుడ్‌హార్ట్ సూత్రం మనం కోడ్ కవరేజీ గురించి వాదించుకునేటప్పుడు వాడుతుంటాం కదా, కొలతని లక్ష్యం చేస్తే అది కొలతగా పనికిరాకుండా పోతుందని. చార్లెస్ గుడ్‌హార్ట్ సాఫ్ట్‌వేర్ వాడు కాదు, ఇంగ్లండులో ద్రవ్యవిధానం చూసిన ఆర్థికవేత్త. 1975లో ఆయన ఆ మాటన్నది చలామణీలో ఉన్న డబ్బుని కొలవడం గురించే. మనం అరువు తెచ్చుకున్న సూత్రం పుట్టిల్లు ఇదే.

రిజర్వు బ్యాంకు కూడా ఇది గ్రహించిందనే చెప్పాలి. 2011లో మాలేగాం సంఘం ఒక్కరికి ఇద్దరికి మించి మైక్రోఫైనాన్స్ కంపెనీలు అప్పివ్వకూడదంది. 2022 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల్లో ఇంకో అడుగు ముందుకేసి, ఒక కుటుంబం కట్టాల్సిన వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదన్నారు. గమనించారా, కొలత బ్యాంకు వైపు నుంచి ఇంటివైపుకి జరిగింది. 1951 సర్వే వాళ్ళు నిలబడ్డ చోటుకి డెబ్భై ఏళ్ళ తర్వాత మళ్ళీ వచ్చాం. మంచిదే. కాకపోతే మామ కాగితంలో ఉన్న నోటు, రాత అప్పు, చీటీ – ఈ మూడూ ఏ క్రెడిట్ బ్యూరోలోనూ లేవు. సగం దాటిందో లేదో ఎవరు చెప్పాలి?

మరి జలదంకి లోతు కొలవాలంటే ఏం అడగాలి? నాకు తోచినవి నాలుగు.

ఒకటి: రేపు పొద్దునకి 20 వేలు కావాలంటే ఎక్కడ దొరుకుతుంది, ఎంత వడ్డీకి? ప్రపంచబ్యాంకు ఫైండెక్స్ సర్వేలో 2011 తర్వాత ఇలాంటి ప్రశ్న ఒకటి చేర్చారు, అత్యవసరానికి 30 రోజుల్లో డబ్బు సమకూర్చుకోగలరా అని. మా ఊళ్ళో 30 రోజులు ఆగే అత్యవసరాలు ఉండవు.

రెండు: బ్యాంకు వడ్డీకీ ఊరి వడ్డీకీ తేడా ఎంత? ఇది నా దృష్టిలో అన్నిటికన్నా మంచి కొలత. బ్యాంకు నిజంగా లోతుగా ఇంకితే దాని పక్క వీధిలో నూటికి రెండు ఎందుకు నడుస్తుంది? పంట రుణం 7 శాతం, సకాలంలో కడితే కేంద్రం రాయితీతో 4 శాతం. పక్కవీధిలో 24. ఈ 20 శాతం తేడా మధ్యలో నిలబడి ఉన్నది ఎవరో చూస్తే సమాధానం దొరుకుతుంది.

మూడు: పాత అప్పు తీర్చడానికి తీసుకున్న అప్పులెన్ని?

నాలుగు: అప్పు ఉన్న పేరూ, నాగలి పట్టిన చేయీ ఒకటేనా?

ఈ నాలుగోది మనకి, అంటే ఊళ్ళో రెండుమూడెకరాలుండి బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, డాలస్‌లోనో ఉన్నవాళ్ళకి, సూటిగా తగిలేది. పట్టాదారు పాసుపుస్తకం మన పేరున ఉంటుంది. పంట రుణం మనకిస్తారు, పొలం మొహం చూసి ఎన్నేళ్ళయినా సరే. ఆ రుణం తీసుకొచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసేవాళ్ళని మీరూ చూసే ఉంటారు. వ్యవసాయానికి 18 శాతం అప్పివ్వాలన్న బ్యాంకు లక్ష్యం పూర్తయింది, జిల్లా పట్టికలో అంకె పెరిగింది, లోతు పెరిగింది. విత్తనం కొనాల్సిన మనిషి మాత్రం స్టాంపు పట్టుకుని పక్కవీధికి పోతున్నాడు.

ఇదే సంగతి మా ఇంట్లో పెద్ద చర్చయింది. 2019లో రాష్ట్రం పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. యజమాని సంతకం పెడితే కౌలురైతుకి 11 నెలల కార్డు ఇస్తారు, దాంతో బ్యాంకు రుణం, పంట నష్టపరిహారం అడగొచ్చు. భూమి మీద హక్కు రాదని అందులోనే రాసుంది. మామ వచ్చి మా నాయన్ని అడిగాడు. నాయన రెండు రోజులు ఏం మాట్లాడలేదు. తర్వాత నాకు ఫోన్ చేసి, "వాడు మంచోడే అబ్బయ్యా. రేపు వాడి కొడుకులు పొలం మాదంటే?" అన్నాడు. ఆ భయం గాల్లోంచి రాలేదు. 1956 నాటి కౌలు చట్టం ప్రకారం కనీసం ఆరేళ్ళ కౌలు, రాసుకుంటే కౌలుదారుకి రక్షణ. అందుకే ఆ తరం వాళ్ళంతా కాగితం మీద పెట్టడమే మానేసి నోటిమాట కౌలుకి అలవాటు పడ్డారు. రక్షించడానికి తెచ్చిన చట్టం కౌలురైతుని కాగితాల్లోంచే మాయం చేసింది.

నేను చట్టం తెలుగు ప్రతి ప్రింటు తీసి నాయనకి పంపాను. అది చదివి కాదుగానీ, అమ్మ అన్న మాటకి సంతకం పెట్టాడు. "ఇరవై ఏళ్ళుగా మన చేలో చేస్తన్నాడు. మన పేరున తెచ్చుకున్న అప్పుకి వడ్డీ లేదు, వాడి పేరున తెచ్చుకున్నదానికి నూటికి రెండు. వాడి కూతురు కూడా నీ మాదిరే ఇంజనీరింగ్ చదవతా ఉంది" అంది అమ్మ. అంతే.

కార్డొచ్చింది. అప్పు వెంటనే రాలేదు. ఆ సర్వే నంబరు మీద ఇదివరకే రుణం ఉందన్నారు బ్యాంకులో. అదే నంబరులో మా చిన్నాయన వాటా ఉంది, దాని మీద ఆయన తీసుకున్నాడు. నాలుగుసార్లు తిరిగి, సబ్‌డివిజన్ కాగితాలు చూపిస్తే, మరుసటి ఏడు 60 వేలు ఇచ్చారు. ఎకరాకి ఇంత అని జిల్లా కమిటీ నిర్ణయించిన స్థాయి ప్రకారం నాలుగెకరాలకి రావలసినదానికి అది చాలా తక్కువ. అయినా నోటు మీద తెచ్చే లక్షన్నరలో కొంత తగ్గింది. నేను పైన రాసిన కాగితంలో నోటు బాకీ లక్షే ఉండటానికి కారణం అదే. ఈ సంవత్సరం మళ్ళీ అడిగాడు, 'చూద్దాం' అన్నారట.

జిల్లా పట్టికలో ఈ 60 వేలు ఏ మార్పూ తీసుకురావు. మా చిన్నాయన పేరున ఉన్న 60 వేలూ, మామ పేరున ఉన్న 60 వేలూ అక్కడ ఒకటే. నాకైతే జలదంకి లోతు ఆ కొద్దిగా పెరిగిందనే అనిపిస్తుంది.

మీలో ఊళ్ళో పొలం కౌలుకిచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని, మీ చేలో పనిచేసే ఆయన్ని ఆ నాలుగు ప్రశ్నలూ అడిగి చూడండి. ప్రపంచబ్యాంకు వాళ్ళ పట్టికలో మీ ఊరికి వరుస లేదు, ఆ వరుస నింపగలిగింది మీరే. నాలుగో ప్రశ్నకి వచ్చే జవాబు సరిచేయడం కూడా చాలావరకు మీ సంతకంలోనే ఉంది.